వన్నామీ రొయ్య 3 పీపీటీ ఉప్పునీటిలో కూడా పెరుగుతుంది, మరి వానకి 9కి దిగితే ఎందుకు చస్తోంది?

ఒక రొయ్యల రైతు పంపిన ప్రశ్న క్లుప్తంగా ఇది. పూసపాటిరేగ మండలంలో ఎకరం చెరువు, నాలుగడుగుల నీరు, ఏటి నీరే వాడకం. చదరపు మీటరుకి 40 చొప్పున వన్నామీ సీడ్, 45 రోజుల పంట. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడ్డాక సెలినిటీ, అంటే నీటిలోని ఉప్పు, 18 పీపీటీ (వెయ్యి పాళ్లకి 18) నుంచి 9కి పడింది. మూడో రోజుకి నీరు తేటపడింది, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మెత్త రొయ్య వస్తోంది, గట్టు వార రోజుకి పది పన్నెండు చచ్చి దొరుకుతున్నాయి. రొయ్య తక్కువ ఉప్పుకి అలవాటు పడుతుందంటారు కదా, త్వరగా అలవాటు పడేలా ఏం వేయాలి అని అడిగారు.

ముందు ఆ 9 అన్న అంకె దగ్గరే ఆగాలి. నాలుగడుగులంటే సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు. అందులో ఉప్పు సగానికి పడాలంటే మరో 1,200 మిల్లీమీటర్ల మంచినీరు కలవాలి. రెండు రోజుల్లో 200 మిల్లీమీటర్లు కురిసిందనుకున్నా, బాగా కలిస్తే 18 కాస్తా 15.4 అవుతుంది, అంతే. తుఫాను వాన కూడా ఒక్క దెబ్బకి సగం చేయలేదు. కాబట్టి ఆ 9కి రెండే కారణాలు ఉండాలి. ఒకటి, మీరు గట్టు మీద నిలబడి మగ్గుతో పైనీరు ముంచి చూశారు. రెండు, గెడ్డ (వాగు) నీరో పొలాల ముంపు నీరో గట్టు దాటి లోపలికి వచ్చింది. రెండోది జరిగితే నీరు ఎర్రగా, మట్టిగా ఉంటుంది. మీరు తేటపడిందన్నారు గనక నా పందెం మొదటిదాని మీదే.

మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. గాలి లేకుండా, నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగి ఉన్నప్పుడు వాన పడితే అది కిందికి దిగదు, మూతలా పైనే పరుచుకుంటుంది. మీ లెక్కకి సరిపోయే బొమ్మ ఇలా ఉంటుంది: పైన అడుగుంపావు మందాన 9 పీపీటీ నీరు, దాని కింద 17, 18 పీపీటీ పాత నీరు. రొయ్య ఉండేది అడుగున. అంటే మీ రొయ్య 9 పీపీటీ చూడనే లేదేమో. అది చూసింది పై నుంచి ఆక్సిజన్ అందని అడుగు నీటిని.

దీన్ని తేల్చుకోవడానికి ఖర్చేం లేదు. అర లీటరు గాజు సీసా ఒకటి వెదురు కర్ర చివర గట్టిగా కట్టండి. బిరడాకి పురికొస కట్టి కొస చేతిలో ఉంచుకోండి. బిరడా బిగించి, మూతి పైకి ఉండేలా సీసాని అడుగు మట్టికి జానెడు ఎత్తులో నిలిపి, అప్పుడు పురికొస లాగండి. బుడగలు ఆగాక పైకి తీయండి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకి సరిచేశాకే చూడండి. మూడు చోట్ల, పైనా కిందా చూడండి: ఏరేటర్ ఎదుట, మూల మీద, నడిమధ్య. రెండింటికీ 2 పీపీటీ కన్నా ఎక్కువ తేడా ఉంటే నీరు పొరలు కట్టినట్టే. డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) కూడా అదే ఎత్తులో, తెల్లవారుజామున 4, 5 గంటల మధ్య చూడాలి. పైనీటిలో 6 చూపించి అడుగున 2 ఉన్న చెరువుని మధ్యాహ్నం మీటరు ఎప్పటికీ పట్టుకోలేదు.

పొర ఉంటే ఆ పైనీటిని బయటికి వదలడమే మందు. తూము పలకల్లో పైవి రెండు తీసేయండి. పలకల తూము లేకపోతే, బయటికి వెళ్లే పీవీసీ పైపుకి ఎల్బో వేసి మూతి నీటి మట్టానికి రెండంగుళాల కింద ఉండేలా తిప్పండి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు పోతే చాలు, మీ ఉప్పు మీకు మిగులుతుంది. ఆ తర్వాతే కలపడం. కరెంటు పోయి ఏరేటర్లు రోజంతా ఆగి ఉంటే అన్నీ ఒక్కసారి వేయకండి. అడుగున పేరుకున్న కుళ్లు నీరు, హైడ్రోజన్ సల్ఫైడ్ చెరువంతా పాకుతాయి. పగటి పూట ఒకటో రెండో వేసి, గంటన్నర ఆగి డీవో చూసి, అప్పుడు మిగతావి. వానలో ఏరేటర్లు ఆపితే డీజిల్ మిగులుతుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అసలు ఆపకూడని వేళే అది.

ఇక నిజంగానే చెరువంతా 9కి దిగిందనుకుందాం. అప్పుడు మీ అసలు ప్రశ్నకి వద్దాం. వన్నామీ మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం జాతి. పిల్ల దశలో ఏటి మొగల్లో (ఏరు సముద్రంలో కలిసే చోట) తిరిగే జీవి గనక ఉప్పు ఎక్కువ తక్కువలు దానికి పుట్టుకతో తెలుసు. దాని రక్తంలో లవణాలు సుమారు 25 పీపీటీ నీటికి సమానం. అంతకన్నా పలచని నీటిలో ఉన్నంతసేపూ మొప్పల గుండా నీరు లోపలికి వస్తుంది, లవణాలు బయటికి పోతుంటాయి. పోయిన సోడియాన్ని, క్లోరైడ్‌ని మొప్పల్లోని ఎంజైములు పంపులా మళ్లీ లోపలికి లాగాలి. ఉప్పు ఉన్నట్టుండి పడితే ముందు రక్తం పలచబడుతుంది, ఒకటి రెండు రోజుల్లో కొత్త మట్టం దగ్గర నిలబడుతుంది. పంపులు పూర్తి స్థాయిలో పెరిగి కుదుటపడడానికి వారం దాకా పడుతుంది. ఈ వారమంతా రొయ్య తిన్నదాంట్లో కొంత ఇటే పోతుంది, ఎదుగుదల తగ్గుతుంది. ఇంతవరకూ చావాల్సిన పనేం లేదు.

చిక్కు ఎక్కడంటే, రొయ్య ఒక్కటే అలవాటు పడితే సరిపోదు. చెరువు మనం కట్టుకున్న చిన్న లోకం. రొయ్య, దాని మేత, మురికిని తినే నాచు, ఆ నాచు వదిలింది సర్దే బ్యాక్టీరియా, అన్నీ ఒకే నీటిలో ఉన్నాయి. మార్పుకి ఒక్కోటి ఒక్కో వేగంతో, ఒక్కో పద్ధతిలో సర్దుకుంటుంది. ఈ వేగాల మధ్య ఉన్న సందులోనే రొయ్య చస్తుంది.

చూడండి. ఉప్పు పడగానే రొయ్య కణాల్లోకి నీరు చొరబడకుండా, లోపల దాచుకున్న అమైనో ఆమ్లాలను కరిగించి వదిలేస్తుంది. అవి విరిగి అమోనియాగా బయటికి వస్తాయి. అంటే రొయ్య అలవాటు పడే పనే నీటిలో అమోనియా పెంచుతుంది. సరిగ్గా అదే రోజుల్లో ఆ అమోనియాని తినాల్సిన నాచు చచ్చి ఉంటుంది.

నాచు అలవాటు పడే తీరు వేరు. ఒక్కో కణం మారదు, జాతే మారిపోతుంది. 18 పీపీటీలో మీ నీటికి గోధుమ రంగు ఇచ్చినవి డయాటములు అనే సూక్ష్మ నాచు. ఉప్పు పడి, మబ్బు పట్టి, ఎండ లేక అవి కుప్పకూలుతాయి. ఖాళీ అయిన చోటికి పచ్చ నాచు వస్తుంది, 10 పీపీటీ కిందికి దిగి ఎండ కాస్తే నీలి ఆకుపచ్చ నాచు రాజ్యమేలుతుంది. ఈ జాతుల మార్పు కళ్లతో చూడాలంటే శ్రీకాకుళం జిల్లా నౌపడ లాంటి చోట ఉప్పు మళ్ల వరస గమనించండి. అక్కడ మన కథ తిరగబడి నడుస్తుంది: మడి మడికీ ఉప్పు పెరిగేకొద్దీ మామూలు నాచు తప్పుకుని డునాలియెల్లా లాంటివి మిగులుతాయి. అవి కణం నిండా గ్లిసరాల్ నింపుకుని అంత ఉప్పుకీ తట్టుకుంటాయి. ఉప్పు గింజ కట్టే మళ్లలో నీటికి వచ్చే ఎరుపు రంగు డునాలియెల్లాదీ, ఉప్పుని ప్రేమించే సూక్ష్మజీవులదీ. అక్కడ మార్పు నెమ్మది, మడికో జాతి స్థిరపడుతుంది. మీ చెరువులో మార్పు రెండు రోజుల్లో వచ్చింది, పాతది పోయింది, కొత్తది ఇంకా రాలేదు. ఆ మధ్య నాలుగైదు రోజులు చెరువుకి పగలు ఆక్సిజన్ తయారీ లేదు, చచ్చిన నాచు కుళ్లి రాత్రి ఆక్సిజన్ తింటుంది.

నీటి తేటదనం చూడడానికి దించే సెక్కీ డిస్క్ 30, 40 సెంటీమీటర్ల దగ్గర మాయమయ్యేది ఒక్కసారిగా 60 దాటినా కనిపిస్తుంటే, గాలి వాలు మూలలో గోధుమ నురగ పేరుకుంటే, ఉదయం సాయంత్రం పీహెచ్ తేడా దాదాపు లేకుండా పోతే నాచు పడిపోయినట్టు. ఆ నురగని వలతో తోడి గట్టు అవతల పారేయండి. చెరువులోనే వదిలితే అదే అమోనియా అవుతుంది.

అన్నిటికన్నా నెమ్మది నైట్రిఫయర్లు, అంటే అమోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా. మామూలు కుళ్లు తినే బ్యాక్టీరియా గంటల్లో రెట్టింపవుతుంది, వీటికి రోజులు కావాలి. పైగా ఉప్పు మార్పుకి రెండో మెట్టువాళ్లు మొదటి మెట్టువాళ్ల కన్నా ఎక్కువ దెబ్బతింటారు. అందుకే వాన వెలిశాక రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా అమోనియా, ఆ తర్వాత వారం రెండు వారాలు నైట్రైట్ పెరగడం చూస్తారు. అంతా సర్దుకుంది అనుకున్నాక పదో రోజున రొయ్య చస్తే కారణం చాలాసార్లు ఇదే.

ఇక్కడ ఇంకో మెలిక. నైట్రైట్ విషం ఉప్పుని బట్టి మారుతుంది. మొప్పల దగ్గర నైట్రైట్, క్లోరైడ్ ఒకే దారిలో లోపలికి పోటీ పడతాయి. ఉప్పు తగ్గితే క్లోరైడ్ తగ్గి నైట్రైట్‌కి దారి ఖాళీ. వన్నామీ పిల్లల మీద చేసిన పరీక్షల్లో తేలిన సురక్షిత హద్దు, నైట్రైట్ నైట్రోజన్‌గా, లీటరుకి 35 పీపీటీలో 25.7 మిల్లీగ్రాములు, 25లో 15.2, 15లో 6.1 మాత్రమే. 9లో ఇంకా తక్కువ అనే అనుకోవాలి. ఒక జాగ్రత్త: చాలా కిట్లు చూపేది నైట్రైట్‌ని, నైట్రైట్ నైట్రోజన్‌ని కాదు. కిట్ అంకెని 3.3తో భాగిస్తే నైట్రోజన్ లెక్క వస్తుంది. ఇది చూసుకోక కొందరు ఊరికే హడలిపోతారు, కొందరు ఊరికే ధీమాగా ఉంటారు.

అమోనియాకి అలాంటి పరీక్షల్లోనే 15 పీపీటీలో మొత్తం అమోనియా నైట్రోజన్ హద్దు 2.4 మిల్లీగ్రాములు. అది కూడా పీహెచ్‌ని పట్టి చదవాలి. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.5లో విషపు భాగం సుమారు 2 శాతం, 8లో 6, 8.5లో 17. అందుకే ఈ రోజుల్లో చురుకు సున్నం చల్లితే మీ చేత్తో మీరే అమోనియాని విషం చేసినట్టు.

మెత్త రొయ్య మాటకొస్తే, ఉప్పు పడినప్పుడు మోల్టింగ్, అంటే పెంకు వదలడం, మూకుమ్మడిగా రావడం మామూలే. పొర వదిలేటప్పుడు రొయ్య నీరు పీల్చి ఉబ్బాలి, పలచని నీటిలో అది తేలిక. మోల్టింగ్‌లో ఆక్సిజన్ అవసరం బాగా పెరుగుతుంది, కొత్త పెంకుకి కాల్షియం చాలావరకూ నీటి నుంచే తీసుకుంటుంది. ఒక రోజు, రోజున్నరలో గట్టిపడితే భయం లేదు. మూడో రోజుకీ వేలితో నొక్కితే పెంకు కాగితంలా లోపలికి పోతుంటే ఆల్కలినిటీ (పులుపుని తట్టుకునే నీటి శక్తి), కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం పరీక్ష చేయించండి.

ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది. వాన అన్ని లవణాలనీ ఒకే పాళ్లలో పలచన చేస్తుంది. ఏటి నీరు, సముద్రపు నీరు పెట్టిన చెరువులో 15 పీపీటీ దగ్గర పొటాషియం సుమారు 160, మెగ్నీషియం 585, కాల్షియం 175 మిల్లీగ్రాములు ఉండాలి. 9 దగ్గర 96, 350, 104. మీది ఏటి నీరే గనక ఈ పాళ్లు పెద్దగా చెడి ఉండవు. బస్తాల కొద్దీ మినరల్స్ వేసే ముందు ఒక్కసారి ల్యాబుకి పంపండి. బోరు ఉప్పునీరు కలిపినవాళ్ల కథ వేరు. భూమిలోని బంకమట్టి పొటాషియాన్ని పట్టేసుకుంటుంది గనక బోరు నీటిలో సోడియం పుష్కలంగా, పొటాషియం కరువుగా ఉంటుంది. వాళ్లకి మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ పనిచేస్తుంది. ఎకరంలో నాలుగడుగుల నీరంటే దాదాపు 48.5 లక్షల లీటర్లు. పొటాషియం 10 మిల్లీగ్రాములు పెంచాలంటే 48.5 కిలోలు కావాలి, ఎరువులో సగమే పొటాషియం గనక 97 కిలోలు. డ్రమ్ములో కరిగించి, ఏరేటర్ ఎదుట, రెండు మూడు రోజుల మీద వేయాలి.

ఆల్కలినిటీ 100 కిందికి పడితే సోడా బైకార్బ్. 20 మిల్లీగ్రాములు పెంచడానికి మీ చెరువుకి 160 కిలోలు దాటుతుంది, నాలుగు రాత్రులకి పంచండి. డోలమైట్, వ్యవసాయ సున్నం పీహెచ్ 8.3 దాటిన నీటిలో పెద్దగా కరగవు, తెల్లటి పొడిగా అడుగున పడి ఉంటాయి. వాటి అసలు చోటు గట్టు. వానకి ముందే గట్ల లోపలి వాలు మీద ఎకరానికి 100 కిలోల వరకూ చల్లితే, గట్టు మీది పులుపు నీరు లోపలికి కారేటప్పుడు అక్కడే విరుగుతుంది.

మేత సంగతి చాలా సూటి. నీటి వేడి డిగ్రీ తగ్గితే తిండి 5 నుంచి 10 శాతం తగ్గుతుంది. వానకి మూడు డిగ్రీలు పడితే, మబ్బు, మోల్టింగ్ కూడా కలిపి సగానికి తగ్గించండి. కుండపోతలో పూర్తిగా ఆపండి. మీ చెరువులో 85 శాతం బతికి ఆరేసి గ్రాములు ఉన్నాయనుకుంటే 800 కిలోల పైన రొయ్య, రోజుకి 40 కిలోల మేత. అందులో సగం తినకుండా మిగిలితే 20 కిలోలు అడుగున కుళ్లుతుంది. రెండు రోజులు పస్తుంటే రొయ్య చావదు. చెక్ ట్రే రెండు గంటల్లో శుభ్రంగా ఖాళీ అయితేనే పూటకి పది శాతం చొప్పున పెంచుకుంటూ వెళ్లండి.

అమోనియా పట్టడానికి బెల్లం వేయొచ్చు. ఒక మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్‌ని మామూలు బ్యాక్టీరియా ఒంట్లోకి ఎక్కించాలంటే దానికి ఇరవై రెట్ల పిండిపదార్థం కావాలి, అంటే మీ చెరువుకి సుమారు 97 కిలోలు. ఒకే రోజు వేస్తే ఆ రాత్రే డీవో పడి అంతా పోతుంది. ఎండ వచ్చిన రోజుల్లో, ఉదయం 9 తర్వాత, 20 నుంచి 25 కిలోల చొప్పున. మబ్బు ఉంటే ఆ రోజు మానేయండి. సీసాల్లో అమ్మే నైట్రిఫయర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. బాసిల్లస్ రకాలు నయం, అవి గింజ రూపంలో ఉండి ఉప్పు తేడాకి అంతగా బెదరవు.

దయచేసి చేయకూడనిది ఒకటి: నాచు పడిపోయిందని, చావు కనిపించిందని వెంటనే అయోడిన్, బీకేసీ లాంటి క్రిమిసంహారకాలు పోయడం. మందు చల్లి నీటిలోని సూక్ష్మజీవులని ఖాళీ చేస్తే, దున్ని వదిలేసిన మడిలో ముందు కలుపు లేచినట్టు, ముందు లేచేది విబ్రియో అనే రోగ బ్యాక్టీరియానే. ఈ చెరువులో నిజంగా తరం తర్వాత తరం మారి, కొత్త పరిస్థితికి జన్యువుల్లోనే సర్దుకోగలిగింది ముఖ్యంగా బ్యాక్టీరియానే, ఒక పంట కాలంలో దానికి వందల కొద్దీ తరాలు. యాంటీబయాటిక్స్ నిషేధించడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి, వేసినకొద్దీ తట్టుకునేవే మిగులుతాయి. రొయ్య మీ చెరువులో గుడ్లు పెట్టదు. ఈ పంటలో నేర్చుకున్నది వచ్చే పంటకి అందదు. ‘మా నీటికి అలవాటైన సీడ్’ అని ఎవరైనా అమ్మితే ఆ సీడ్ ఒంటికి కొన్నాళ్లు అలవాటైందనే అర్థం. అది కూడా పనికొచ్చేదే: హేచరీలోనే మీ చెరువు సెలినిటీకి నెమ్మదిగా, 5 పీపీటీ కిందికైతే గంటకి 1 కన్నా మించకుండా దింపమనండి. పీఎల్ 10 (పోస్ట్ లార్వా దశలో పదో రోజు) కన్నా చిన్న పిల్లలకి మొప్పలు పూర్తిగా తయారై ఉండవు, వాటితో ఈ పని చేయించకూడదు.

పక్క చెరువు నుంచి మంచి రంగు నీరు తెచ్చి పోస్తే నాచు త్వరగా లేస్తుందన్నది నిజమే, వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు కూడా అదే నీటితో వస్తుంది. సొంత రిజర్వాయర్ ఉంటే దాని నుంచి వాడండి. ఏటి నీరు ఎక్కించాలనుకుంటే ఆగండి. చంపావతికి వరద తగిలాక కోనాడ మొగ వైపు నీరు రోజుల తరబడి మట్టిగా, దాదాపు మంచినీరుగా ఉంటుంది. సెలినిటీ చూడకుండా మోటారు వేయొద్దు. యూరియా, సూపర్ ఫాస్ఫేట్ ఎరువులు కూడా వేయొద్దు, చచ్చిన నాచు వదిలిన ఎరువే చాలు, లేనిదల్లా ఎండ.

ఇంకొకటి తేల్చుకోవాలి. చల్లబడిన నీటిలో వైట్ స్పాట్ విజృంభిస్తుంది. చచ్చినవాటి తల పెంకు ఊడదీసి వెలుతురుకి ఎత్తి చూడండి. తెల్ల చుక్కలున్నా, ఒళ్లు ఎర్రబడి పేగు ఖాళీగా ఉన్నా, రోజురోజుకీ లెక్క రెట్టింపవుతున్నా పైన చెప్పినవన్నీ పక్కనబెట్టి పీసీఆర్ (వైరస్ ఉందో లేదో తేల్చే ల్యాబు పరీక్ష) చేయించండి, తూము మూసేయండి, నీరు చుక్క బయటికి వదలకండి.

మన తీరానికి అక్టోబరు గండం కొత్త కాదు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ 11న తాకాయి. ఆ నెలలో పంట మీద ఉండేవాళ్లు వానకి ముందే నీటిమట్టం తూము హద్దు దాకా ఉంచుకోవాలి, లోతు ఎక్కువైతే పలచన తక్కువ. గెడ్డ వైపు గట్టు వెలుపల మోకాటి లోతు కాలువ తవ్వి ఉంచాలి, జనరేటర్‌కి రెండు రోజుల డీజిల్ ఉండాలి.

ఇప్పుడు మీకు పని: పై నీటి సెలినిటీ, అడుగు నీటి సెలినిటీ, తెల్లవారుజామున అడుగు డీవో, ఉదయం సాయంత్రం పీహెచ్, అమోనియా, నైట్రైట్ (కిట్ దేన్ని చూపుతుందో కూడా), ఆల్కలినిటీ, మెత్త రొయ్య నూటికి ఎన్ని. రెండు రోజుల అంకెలు రాసి పెట్టండి. అవి చూడకుండా ఫలానాది వేయండి అని చెప్పడం కుదరదు. ఈ రాత్రికి మాత్రం, చచ్చినవాటిలో వైట్ స్పాట్ గుర్తులు లేకపోతే పై పలకలు తీయండి, మేత ఆపండి, ఏరేటర్లు ఆపకండి.